కీర్తనను ముక్కలు చేయకుండా ప్రార్థించడం

మీరు అడిగినవి మూడు. ప్రార్థనకు కూర్చుంటే రోజూ అవే నాలుగు మాటలు వస్తున్నాయి, సంఘపెద్ద ఒకాయన బైబిల్లోని కీర్తనల గ్రంథం తెరిచి దాంతో ప్రార్థించమన్నారు, కానీ ఎవరో ఎప్పుడో రాసిన మాటలు చదివితే అది నా ప్రార్థన ఎలా అవుతుంది అన్నది మొదటిది. దేవుణ్ణి నిలదీసే కీర్తనలు, శత్రువుల్ని శపించే కీర్తనలు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది రెండోది. ఆదివారం ఆరాధన నడిపే బాధ్యత కొత్తగా మీ మీద పడింది కాబట్టి అక్కడ వీటిని ఎలా వాడాలన్నది మూడోది. ఈ మూడింటికీ నా దగ్గరున్న జవాబు ఒకటే. నచ్చిన వచనం ఏరుకోవడం మానేసి, కీర్తనను మొదటి నుంచి చివరిదాకా ప్రార్థించండి. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

ఇరవై రెండేళ్లుగా ఆరాధన నడిపిస్తున్నాను. మొదటి పదేళ్లు నేనూ ఏరుకున్నవాణ్ణే. ఆ రోజుల్లో వాడిన బైబిలు ఇప్పటికీ నా దగ్గరుంది. కీర్తనల పేజీల్లో ఎర్ర పెన్నుతో గీసిన గీతలన్నీ ఒకే రకం వచనాల కింద ఉన్నాయి: ఆశ్రయం, కాపుదల, మేలు, ఆశీర్వాదం. 22వ కీర్తనలో 3వ వచనం కింద రెండు గీతలున్నాయి. “నీవు ఇశ్రాయేలు చేయు స్తోత్రములమీద ఆసీనుడవై యున్నావు.” ఆరాధన మొదలుపెట్టేటప్పుడు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దానికి సరిగ్గా పైనున్న 2వ వచనం కింద మాత్రం గీత లేదు. పగలు మొరపెడుతున్నాను, రాత్రి కూడా మౌనంగా ఉండట్లేదు, అయినా నువ్వు జవాబివ్వట్లేదు అని అందులో ఉంది. స్తోత్రాల మీద ఆసీనుడైన దేవుడి గురించి చెప్పే మనిషి, జవాబు రాని ప్రార్థన మధ్యలో నిలబడి ఆ మాట అంటున్నాడు. ఆ సంగతి పదేళ్లపాటు నా కంటికి ఆనలేదు.

అమ్మ ఆఖరి రోజుల్లో హాస్పిటల్ వరండాలో కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే “ప్రభువా” అన్న మాట దాటి ఏమీ వచ్చేది కాదు. చూడటానికి వచ్చినవాళ్లు ధైర్యం చెప్పే వాక్యాలు చదివి వెళ్లేవారు. వాళ్ల ప్రేమ నిజమైనదే, కానీ ఆ మాటలు లోపలికి దిగేవి కాదు. ఒక సాయంత్రం మా సంఘంలోని పెద్దావిడ ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. ఎక్కువ మాట్లాడలేదు. 88వ కీర్తన తీసి మెల్లగా చదివారు. చివరి మాట “చీకటియే నాకు బంధువర్గమాయెను.” ఆ తర్వాత ఏదో ఒక ఓదార్పు మాట వస్తుందని ఎదురుచూశాను. ఆవిడ బైబిలు మూసి, “అంతే నాయనా, ఇది ఇక్కడితో అయిపోయింది” అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నేను ప్రార్థించగలిగాను. నేను పడుతున్న బాధకు దేవుడి గ్రంథంలో ముందే మాటలున్నాయి. పైగా ఆ కీర్తన మొదలయ్యే తీరు చూడండి: “యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా.” చివరిదాకా వెలుగు కనబడకపోయినా, పిలవడం మాత్రం మానలేదు. ఎర్ర గీతల కోసం వెతికే చెయ్యి ఆ కీర్తన దగ్గర ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే గీయడానికి అందులో ఏమీ దొరకదు.

ఇక మీ మొదటి సందేహం. రాసి ఉన్న మాటలు చదివితే హృదయంలోంచి వచ్చినట్టు కాదు అని చాలామంది అనుకుంటారు. కానీ మీరే అన్నారు, హృదయంలోంచి వస్తున్నవి నాలుగే మాటలని. అందులో మీ తప్పేమీ లేదు. ఎవరికైనా సొంతంగా వచ్చే మాటలు తక్కువే, అవి కూడా ఎక్కువగా మన అవసరాల చుట్టూనే తిరుగుతాయి. జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్ 1940లో కీర్తనల మీద ఒక చిన్న పుస్తకం రాశారు. తండ్రి మాట్లాడుతుంటే విని పిల్లవాడు మాటలు నేర్చుకుంటాడు, అలాగే దేవుడు మనతో పలికిన మాటలతోనే ఆయనతో మాట్లాడటం నేర్చుకుంటాం అని అందులో చెబుతారు. “అమ్మా” అనే మాటను ఏ బిడ్డా కనిపెట్టలేదు. విని అన్నాడు. అయినా ఆ పిలుపు వాడిదే కదా. అంతకు చాలా ముందు, నాలుగో శతాబ్దంలో, అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ మార్సెల్లినస్ అనే ఆయనకు రాసిన ఉత్తరంలో కీర్తనలను అద్దంతో పోల్చారు. చదివేవాడికి తన మనసులోని కదలికలే అందులో కనబడతాయని.

అన్నిటికన్నా పెద్ద ఆధారం యేసు ప్రభువు. పస్కా భోజనం తర్వాత కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి 26:30లో ఉంది. పస్కా రాత్రి యూదులు పాడుకునేవి 113 నుంచి 118 వరకున్న కీర్తనలు. కాబట్టి గెత్సేమనేకు నడిచే ముందు ఆయన పెదవుల మీద ఉన్నవి ఇవే అయి ఉండాలి. సిలువ మీద “నా దేవా నా దేవా” అన్నది 22వ కీర్తన మొదటి మాట. ప్రాణం విడుస్తూ అన్నది 31వ కీర్తన 5వ వచనం. ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కీర్తనలో “నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను” అనే ఉంది. లూకా 23:46లో ప్రభువు ఆ మాట ముందు “తండ్రీ” అని చేర్చారు. దావీదు మాటను తీసుకుని, తన పిలుపుతో తన ప్రార్థన చేసుకున్నారు. తర్వాత స్తెఫను రాళ్ల దెబ్బలు తింటూ అదే ప్రార్థనను “యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము” అన్నాడు. ఒకే మాట మూడు నోళ్లలో పలికింది, మూడుసార్లూ పలికినవారిదే అయింది. మీరు చేయాల్సింది కూడా ఇదే.

ఎలా చదవాలి అన్నదానికి మొదటి కీర్తనే దారి చూపిస్తుంది. “దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు” అని మనం చదువుకుంటాం. అక్కడున్న హెబ్రీ మాట ‘హాగా’. యెషయా 31:4లో సింహం తన వేట మీద గుర్రుమనడానికి, 38:14లో గువ్వ మూలగడానికి వాడింది కూడా ఈ మాటే. అంటే ఇక్కడ ధ్యానించడమంటే పెదవులు కదిలిస్తూ, గొంతులో గొణుగుతున్నట్టు పలకడం. కంటితో చదివి పేజీ తిప్పేస్తే కీర్తన ప్రార్థన అవదు. పక్కవాళ్లకు వినబడకపోయినా ఫర్వాలేదు, మీ చెవికి మీ గొంతు వినబడాలి. ఫోన్‌లో చదివితే వేలు తెలియకుండానే కిందికి జరుగుతుంది, అందుకే అచ్చు బైబిలు ముందు పెట్టుకోమంటాను.

ఒక కీర్తన మొత్తం ప్రార్థించడం అంటే ఏమిటో 13వ కీర్తనతో చూపిస్తాను. ఆరే వచనాలు. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?” అని మొదలవుతుంది. హెబ్రీలో మొదటి రెండు వచనాల్లోనే ‘ఎంతవరకు’ అనే ఒకే మాట నాలుగుసార్లు వస్తుంది. ఆ ప్రశ్నలు ఎటు తిరుగుతున్నాయో గమనించండి. ముందు దేవుడి వైపు: నువ్వు నన్ను మరిచావు, ముఖం తిప్పుకున్నావు. తర్వాత తన లోపలికి: మనసులో చింత, పగలంతా దుఃఖం. తర్వాత బయటికి: శత్రువు నా మీద పైచేయిగా ఉన్నాడు. బాధలో ఉన్న మనిషికి ఈ మూడూ కలగాపులగంగా ఉంటాయి. ఈ కీర్తన వాటిని విడదీసి, ఒక్కోదాన్నీ దేవుడి ముందు పెడుతుంది. ఇలా విడదీయడమే సగం ఉపశమనం అని నా అనుభవం. టెన్షన్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియనప్పుడు ఈ రెండు వచనాలు నెమ్మదిగా పలికి, ప్రతి “ఎంతవరకు” తర్వాత ఆగి నా సంగతి ఒక్క వాక్యంలో చెప్పుకుంటాను.

మూడో వచనంలో అడగడం మొదలవుతుంది. చూడు, జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు అని మూడు చిన్న మనవులు. ఒక్క క్షణం ముందు “నన్ను మరిచావు” అన్న మనిషి ఇక్కడ “యెహోవా నా దేవా” అంటున్నాడు. మరిచిపోయిన దేవుణ్ణి ఎవరూ ‘నా’ అనరు. ఫిర్యాదు చేస్తున్నా బంధుత్వం తెంచుకోలేదు. అయిదో వచనంలో “నేనైతే” అనే మాటతో తిరుగుతుంది: “నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను.” శత్రువు పోయాడని లేదు, రోగం తగ్గిందని లేదు, పరిస్థితి మారినట్టు ఒక్క మాట లేదు. అడగాల్సింది అడిగాక ఆ మనిషి నిలబడిన చోటు మారింది. ఇప్పుడు ఎర్ర పెన్ను ఏం చేస్తుందో ఆలోచించండి. అయిదు, ఆరు వచనాల కింద గీత గీసి, పై నాలుగు వదిలేస్తుంది. అప్పుడు “నేనైతే” అన్న మాటకు అర్థమే ఉండదు. దేనికి ఎదురుగా ‘అయితే’?

ఈ తిరుగు ప్రతిసారీ ఇంత తొందరగా రాదు. 42వ కీర్తనలో “నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?” అని తనను తాను గద్దించుకుని, దేవుడియందు నిరీక్షణ ఉంచమని చెప్పుకుంటాడు. సరిగ్గా ఆ తర్వాతి వచనంలోనే “నా దేవా, నా ప్రాణము నాలో క్రుంగియున్నది” అంటాడు. అంటే చెప్పుకున్న ధైర్యం ఒక్క వచనం కూడా నిలవలేదు. మళ్లీ చెప్పుకుంటాడు. అదే పల్లవి 42లో రెండుసార్లు, 43లో ఒకసారి, మొత్తం మూడుసార్లు వస్తుంది. ఒకసారి ప్రార్థించాక కూడా మనసు కుదుటపడలేదని మీరు ఎప్పుడైనా సిగ్గుపడి ఉంటే, ఈ రెండు కీర్తనలూ కలిపి ఒకేసారి చదవండి.

చదివేటప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోవడం అలవాటు చేసుకోండి. 23వ కీర్తన అందరికీ కంఠతా వచ్చు కాబట్టి దాంతో పరీక్షించుకోవచ్చు. మొదటి మూడు వచనాల్లో దేవుడు “ఆయన”: పచ్చిక గల చోట్ల పరుండజేస్తాడు, శాంతికరమైన జలాల దగ్గరికి నడిపిస్తాడు. గాఢాంధకారపు లోయ వచ్చేసరికి “నీవు నాకు తోడై యుందువు” అని నేరుగా మాట కలుపుతాడు. పచ్చికలో ఉన్నంతసేపూ దేవుడి గురించి చెప్పినవాడు లోయలో దిగాక దేవుడితోనే మాట్లాడుతున్నాడు. ఎన్నో అంత్యక్రియల్లో ఈ కీర్తన చదివాను. ఆ వచనం దగ్గర గొంతు మారకుండా ఒక్కసారి కూడా చదవలేకపోయాను.

రోజువారీ పద్ధతి గురించి ఎక్కువ చెప్పను, అది సులువే. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠవాసులకు వారంలో 150 కీర్తనలూ పూర్తి చేయాలని నియమం పెట్టారు. 1549లో వచ్చిన ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం వాటిని ఉదయం, సాయంత్రం భాగాలుగా నెలకు సరిపోయేలా పంచింది. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు రోజుకొక కీర్తన చాలు. 176 వచనాలున్న 119వ కీర్తన మాత్రం ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది, దాన్ని 22 రోజులు చేసుకోండి. అలా అయితే ఆరు నెలల లోపే గ్రంథం పూర్తవుతుంది. ముఖ్యమైన సంగతి ఒక్కటే: వరుస తప్పకండి. ఈరోజు మూడ్ బాగోలేదు కాబట్టి ఓదార్పు కీర్తన వెతుకుదాం అనుకున్న రోజు నుంచి మళ్లీ ఏరుకోవడం మొదలవుతుంది.

వరుసలో వెళ్తే, సంతోషంగా ఉన్న రోజు విలాపం ఎదురవుతుంది, గుండె బరువుగా ఉన్న రోజు “ఉత్సాహధ్వని చేయుడి” అని వస్తుంది. మొదట్లో ఇది ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడు ఆ కీర్తన ఈరోజు ఎవరిదో ఆలోచించండి. మీరు హాయిగా ఉన్న ఉదయం 88వ కీర్తన వచ్చిందంటే, ఆ మాటలు అవసరమై కూడా నోరు పెగలని మనిషి ఎక్కడో ఉన్నాడు. మీకు తెలిసినవాడే అయి ఉండొచ్చు. అతని పేరు తలుచుకుని, అతని బదులు మీరు పలకండి. “సంతోషించువారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి” అని పౌలు రాసింది ప్రార్థనలో కూడా చేయొచ్చు. ఇలా చేయడం మొదలుపెట్టాక మీ నాలుగు మాటల సమస్య ఎప్పుడు పోయిందో మీకే తెలియదు.

ఇప్పుడు శాపాల సంగతి. దీన్ని తేలిగ్గా దాటేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే చాలామంది నిజాయితీగా తడబడేది ఇక్కడే. 58వ కీర్తనలో దేవా, వారి నోటి పళ్లు విరగ్గొట్టు అని ఉంది. 109లో శత్రువు పిల్లలు తండ్రి లేనివారవ్వాలని ఉంది. 137 చివర బబులోను పసిపిల్లల గురించి ఉన్న మాట గట్టిగా చదవడమే కష్టం. రెండో వాటికన్ మహాసభ తర్వాత కాథలిక్ సంఘం తన అనుదిన ప్రార్థనల పుస్తకాన్ని సవరించినప్పుడు 58, 83, 109 కీర్తనలను పూర్తిగా, మరికొన్నింటిలో కొన్ని వచనాలను తీసేసింది. ఎందుకు తీశారో నాకు అర్థమవుతుంది. అయినా నేను తీయను.

కారణం 55వ కీర్తన నేర్పింది. “నీ భారము యెహోవామీద మోపుము, ఆయనే నిన్ను ఆదుకొనును” అన్న వాక్యం ఎందరి గోడల మీదో ఉంటుంది. అది ఈ కీర్తనలో 22వ వచనం. ఆ భారం ఏమిటో పైన ఉంది: నమ్మిన స్నేహితుడు చేసిన ద్రోహం. “ఈ పనిచేసిన నీవు నా సహకారివి, నా చెలికాడవు” అని 13వ వచనంలో ఏడుస్తాడు. 15లో వాళ్లకు హఠాత్తుగా చావు రావాలని అంటాడు. ఆ తర్వాతే భారం మోపమన్న మాట. కొన్నేళ్ల కిందట నేను బాగా నమ్మిన ఒకతను నన్ను మోసం చేశాడు. నెలల తరబడి “క్షమించాను ప్రభువా” అని ప్రార్థించాను, రాత్రి పడుకుంటే మాత్రం అతని ముఖమే కళ్ల ముందు తిరిగేది. 55వ కీర్తనను పైనుంచి కిందిదాకా, 15వ వచనంతో సహా గట్టిగా పలికిన రోజున లోపల ఎంత కోపం ఉందో నాకే తెలిసింది. కోపాన్ని దాచుకుని చేసిన క్షమాపణ ప్రార్థన నన్ను మార్చలేదు. దాన్ని దేవుడి ముందు విప్పిన తర్వాత, కొన్ని వారాలకు, అతని ఆరోగ్యం కోసం ప్రార్థించగలిగాను.

శపించే కీర్తనల్లో జరిగేది ఇది: గాయపడ్డ మనిషి కత్తి తన చేతిలోంచి దేవుడి చేతిలోకి మారుస్తున్నాడు. ఈ కీర్తనల్లో ప్రతీకారం తాను తీర్చుకోకుండా దేవుణ్ణి తీర్చమని అడుగుతాడు, తీర్పు ఆయనదే. “పగతీర్చుట నా పని” అని రోమా 12:19లో ఉన్నది దీనికి సరిపోతుంది. 35వ కీర్తన కూడా ఇలాంటిదే, కానీ 13వ వచనం దగ్గర ఆగండి. ఆ శత్రువులే జబ్బుపడినప్పుడు తాను గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నానని చెబుతాడు. 139వ కీర్తనలో భక్తిహీనుల్ని సంహరించమని, వాళ్లను పూర్తిగా ద్వేషిస్తున్నానని చెప్పినవాడు వెంటనే “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము” అంటాడు. ఈ కీర్తనను పాడేటప్పుడు 18 దగ్గర ఆపేసి 23కి దూకడం మనకు అలవాటు. మధ్యలోది తీసేస్తే ఆ పరిశోధన దేని గురించో తెలియకుండా పోతుంది. నా ద్వేషాన్ని కూడా తవ్వి చూడు ప్రభువా అని కదా అడుగుతున్నాడు.

ఒక హద్దు మాత్రం పెట్టుకోండి. మీ ఇంట్లోనో ఆఫీసులోనో చిరాకు పెట్టే మనిషి పేరు ఈ శాపాల్లో పెట్టకండి. ఇవి తొక్కివేయబడ్డవాళ్ల మొరలు. 137 పాడినవాళ్ల పట్టణం యెరూషలేము క్రీ.పూ. 586లో బబులోను చేతిలో కాలిపోయింది, వాళ్ల పిల్లలే వాళ్ల కళ్ల ముందు చనిపోయారు. యుద్ధాల్లో, అన్యాయాల్లో నలిగిపోతున్నవాళ్లతో నిలబడి వాళ్ల తరఫున పలికితే ఈ మాటలు వాటి చోట ఉంటాయి. పలికాక, సిలువ మీద “తండ్రీ, వీరిని క్షమించుము” అన్న ప్రభువు పక్కన కూడా కాసేపు నిలబడాలి. ఈ రెండింటి మధ్య లాగులాట నాకింకా తీరలేదు. తీరినట్టు నటించడం కన్నా ఆ లాగులాటతోనే ప్రార్థించడం మేలనుకుంటాను.

ఇక ఆదివారం ఆరాధన. ముందు ఒక పని చేయండి. గత మూడు నెలల్లో మీరు పాడించిన పాటల జాబితా తీసి, వాటిలో పశ్చాత్తాపం ఎన్నింటిలో ఉంది, కన్నీళ్లు ఎన్నింటిలో ఉన్నాయి, దేవుణ్ణి అడిగే ప్రశ్న ఎన్నింటిలో ఉంది అని చూడండి. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే. ఆ గ్రంథాన్ని హెబ్రీలో ‘తెహిల్లీమ్’, అంటే స్తుతులు అని పిలుస్తారు. ఏడుపును కూడా కలుపుకునే దానికి స్తుతులు అని పేరుపెట్టారు. మన జాబితాలో సంతోషం తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ వారం ఇంట్లో శవం లేచిన మనిషి మన మధ్య నిలబడి పాడటానికి ఏమీ ఉండదు. పెదవులు కదుపుతాడు, అంతే.

ఇది నా వ్యక్తిగత బాధ కదా, సంఘంలో ఎందుకు అంటారు కొందరు. 51వ కీర్తన పైనున్న చిన్న అక్షరాలు చూడండి. మరొకరి భార్య అయిన బత్షెబ దగ్గరికి వెళ్లిన తర్వాత నాతాను ప్రవక్త వచ్చినప్పుడు దావీదు చేసిన ప్రార్థన అది. ఒక రాజు జీవితంలో అంతకన్నా సిగ్గుపడే సంగతి ఉండదు. ఆ శీర్షిక “ప్రధానగాయకునికి” అని మొదలవుతుంది. అంటే ఆ ఒప్పుకోలును క్వైర్‌కు ఇచ్చారు, అందరూ పాడటానికి. 55 కీర్తనల మీద ఈ మాట ఉంది. ఏకాంతంలో పుట్టిన ప్రార్థన సంఘం నోటికి చేరడం ఈ గ్రంథం పద్ధతే. శీర్షికలు చదవకుండా వదిలేయకండి, సంఘంలో వాటినీ పైకి చదివించండి.

ఆరాధన క్రమానికి 95వ కీర్తన కన్నా మంచి నమూనా నాకు దొరకలేదు. శతాబ్దాలుగా ఉదయ ప్రార్థన దీంతోనే మొదలుపెడుతున్న సంఘాలున్నాయి. “రండి, యెహోవానుగూర్చి ఉత్సాహధ్వని చేయుదము” అని మొదట పెద్ద శబ్దం. ఎందుకో వెంటనే చెబుతుంది: సముద్రం ఆయనది, కొండశిఖరాలు ఆయనవి. ఆరో వచనంలో శబ్దం తగ్గుతుంది, మోకాళ్లు వంగుతాయి: “నమస్కారము చేసి సాగిలపడుదము.” ఏడో వచనం మధ్యలో మనం మౌనమైపోతాం, ఆయన మాట్లాడటం మొదలుపెడతాడు: నేడు ఆయన మాట వింటే మీ హృదయాలను కఠినపరచుకోకండి. చివరిదాకా మనకు మళ్లీ మాట్లాడే అవకాశం రాదు. ఉత్సాహం, సాగిలపడటం, వినడం. మన ఆరాధనల్లో మొదటిది బాగా ఉంటుంది, రెండోది కొంచెం ఉంటుంది, మూడోదానికి వచ్చేసరికి ప్రకటనలు మొదలవుతాయి. ఈ కీర్తనను ఆరో వచనం దగ్గర ఆపి పాటగా పాడటం నేనూ ఎన్నో ఏళ్లు చేశాను. హెచ్చరిక భాగం ఆరాధన మూడ్ పాడుచేస్తుందని అనుకునేవాణ్ణి. ఆ హెచ్చరిక వినడానికే ముందరి పాట అంతా మనల్ని సిద్ధం చేస్తోందని ఇప్పుడు అనుకుంటున్నాను.

కొత్త పాటలు మానేయాలా అంటే అక్కర్లేదు. కొన్ని ప్రెస్బిటేరియన్ సంఘాలు ఈరోజుకీ కీర్తనలు తప్ప వేరేవి పాడవు. వాళ్ల నమ్మకాన్ని గౌరవిస్తాను. కానీ “యెహోవామీద క్రొత్త కీర్తన పాడుడి” అన్నది కీర్తనలే. కొలొస్సయి 3:16లో పౌలు సంగీతాలు, కీర్తనలు, ఆత్మసంబంధమైన పద్యాలు అని మూడూ చెప్పాడు. కొత్త పాటలు పాడండి, వారానికి ఒక కీర్తన పూర్తిగా పలికించండి. అది చాలు.

మొదటిసారి చేసేటప్పుడు 136వ కీర్తన తీసుకోండి. 26 వచనాలు, ప్రతిదాని చివర “ఆయన కృప నిరంతరముండును.” మొదటి సగం మీరు చదివితే రెండో సగం సంఘమంతా అంటుంది, ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు. అది అలవాటయ్యాక 13వ కీర్తనకు రండి. కుడివైపు కూర్చున్నవాళ్లు ఒక వచనం, ఎడమవైపువాళ్లు ఇంకో వచనం. తొందరపెట్టకండి. ప్రతి వచనం సగంలో ఒక శ్వాస తీసుకునేంత ఆగమని ముందే చెప్పండి, మఠాల్లో ఇలాగే చేస్తారు. మైక్ మీరు పట్టుకోకండి, వాళ్ల గొంతులే వాళ్లకు వినబడనివ్వండి. నాలుగో వచనం అయ్యాక, “నేనైతే” అనే మాటకు ముందు, నిండా ఒక నిమిషం మౌనంగా ఉండండి. ఆ నిమిషం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, కీబోర్డు వాయించేవాడు మీ వైపు చూస్తాడు. వాయించొద్దని తల ఊపండి. ఆ నిమిషంలో ఎవరో ఒకరు ముక్కు చీదుకోవడం మీకు వినబడుతుంది. అప్పుడు అయిదో వచనం మొదలుపెట్టండి.